దత్తమండలం

ఆదోని డిగ్రీ కాలేజీ, రెండో పీరియడ్.
జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరొచ్చిన దూది
కిటికీ చువ్వలకు ముసలి గడ్డంలా అంటుకుని ఉంది.
జాగ్రఫీ వాళ్ళనడిగి తెచ్చిన పటం గోడకు వేలాడదీశాను.
సరిగ్గా టైగ్రిస్ నది మీదే మడత పడి చిరిగింది.
ఎన్నిసార్లు విప్పారో, ఎన్నిసార్లు చుట్టారో.

ఇటు రోము, అటు పారశీకం,
నడుమ అర్మేనియా కొండల అంచు.
ఒక యుద్ధంలో ఓడి పారశీక రాజు
నది అవతలి మండలాలు ఐదు రోముకు రాసిచ్చాడు.
అరవై అయిదేళ్ళకు ఇంకో యుద్ధంలో చిక్కుకుని
రోము వాటిని తిరిగిచ్చేసింది,
పక్కింటి జల్లెడ పక్కింటికి ఇచ్చేసినట్టు.
ఆ కొండల పేర్లు కొన్ని బోర్డు మీద రాశాను:
అల్జ్నిక్, కొర్దుక్, మొక్క్.
"మొక్కనా సార్?" వెనక బెంచీ నవ్వింది.
నేనూ నవ్వాను. చాక్‌పీసు విరిగింది.

"అయితే అవీ సీడెడ్డే గద సార్" అన్నాడు మౌలాలి.
సాయంత్రాలు వాడిది సినిమా పోస్టర్లు అతికించే పని.
నైజాం, ఆంధ్ర, సీడెడ్.
కలెక్షన్ల లెక్కల్లో మన వైపుకు ఇంకా అదే పేరు.
సైన్యం ఖర్చు కింద నిజాము కుంఫిణీకి
ఒక సంతకంతో ఒప్పజెప్పిన నేల
శుక్రవారం మొదటి ఆటకు
ఇప్పటికీ తాకట్టులోనే ఉంది.

మన కోట మీద ఎన్ని జెండాలెగిరాయో చెప్పమంటే
గడగడా చెప్తారు పిల్లలు:
విజయనగరం, బిజాపూరు, మొగలాయి, నిజాము, మైసూరు, కుంఫిణీ.
ఆస్పరి, ఆదోని, కోసిగి అని
రైలు స్టేషన్లు చెప్పినంత వేగంగా.
ఏ స్టేషన్లో ఎవరు దిగారో, ఎవరు ఉండిపోయారో
నేనూ ఎప్పుడూ అడగలేదు.

అప్పుడు లేచింది ఉరుకుందమ్మ.
హొళగుంద పక్క పల్లె నుంచి
పొద్దున్నే తొలి బస్సుకు వచ్చే పిల్ల.
వాళ్ళ చేను ఈ రాష్ట్రం, మేనత్త వాకిలి ఆ రాష్ట్రం.
సంతలో బేరం ఉర్దూ. ఇంట్లో కోపమొస్తే కన్నడం.
మిగిలిందంతా తెలుగు.

"రాసిచ్చినోళ్ళ పేర్లు జెప్పినారు,
రాపిచ్చుకున్నోళ్ళ పేర్లు జెప్పినారు.
జొన్నలు యాడ దాచుకున్యారు సార్ ఆ ఊరోళ్ళు?"

సిలబస్‌లో లేదు.
నా పాతికేళ్ళ నోట్సులో లేదు.

"మా అవ్వ చెప్తాండె సార్.
గుర్రాల సప్పుడు ఇనపడితే
ముందు పాతర మూత చూసుకుంటాండ్రంట.
మట్టి కప్పి, పేడనీళ్ళు చల్లి,
దాని మీదనే ఎద్దుల్ని కట్టేస్తాండ్రంట.
ఎద్దుల్ని తోలకపోయినారు ప్రతి రాజూ.
కింద ఏముందో ఎద్దులు చెప్పలే."

ఆ రాత్రి కరెంటు పోయి వచ్చే మధ్యలో
పాత పుస్తకాలన్నీ దించాను.
దొరికింది ఒక చోట.
ఆ ఒప్పందానికి ఏడు వందల ఏళ్ళ ముందే
మంచులో ఆ కొండలు దాటిన గ్రీకు సైనికుడొకడు చూశాడు:
నేల కింద ఇళ్ళు.
బావి నోరంత వాకిలి, లోపల విశాలం,
మేకలు, కోళ్ళు, గోధుమలు, బార్లీ.
ఎవరి సామ్రాజ్యమని అడిగే వాళ్ళకు
పైన మంచు మాత్రమే కనిపించేది కాబోలు.

తెల్లారి వరండాలో ఉరుకుందమ్మను ఆపి
గొప్ప రహస్యం లాగా చెప్పాను.
ఆ పిల్ల ఏం ఆశ్చర్యపోలేదు.
పొరుగూరి సంగతి విన్నట్టు తలాడించి,

"మూత దీసినంక ఎంతసేపు ఆగుతాండ్రి సార్ వాళ్ళు?"

తెలియదన్నాను.

"తీసిన గడియలోనే దిగగూడదు.
చానా ఏండ్లు మూసినదాంట్ల గాలి చెడిపోయింటాది.
మా తాత తమ్ముడు అట్లనే పోయినాడు,
కరువు సంవత్సరం, ఆకలికి తొందరపడి.
ముందు బుడ్డిదీపానికి తాడు కట్టి దించాల సార్.
ఆరిపోతే పైకి లాక్కోని,
మళ్ళ ముట్టిచ్చి,
మళ్ళ దించాల."